నియమ మెరిగిన అధికారి

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)

ఈ తరగతి నిర్వాహకులు నన్ను పోలీసులను గూర్చియు, పంచాయతీలను గూర్చియు నాలుగు మాటలు చెప్పుమని కోరిరి. చట్టములోని సెక్షన్లను వరుసగా చదివి వినిపించినచో మీలో సగముమందికి నిద్ర వచ్చును; తక్కిన సగముమంది మర్యాదకొరకు మేలుకొని యుందురు. కావున నేడు ఒక మనిషి కథ చెప్పి, ఆ దారిని మన విషయమునకు వత్తును.

ఆయన మన దేశమువాడు కాడు. ఐర్లండు దేశస్థుడు. పేరు సెసిల్ మోరియార్టీ. యౌవనమున తన దేశపు జట్టులో చేరి రగ్బీ అను ఆట నాడెను. పెద్దవాడై ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ మహానగరమునకు పోలీసు ప్రధానాధికారి యయ్యెను. ఈ రెండింటికంటె గొప్ప పని మరియొకటి చేసెను: సామాన్యుడైన కానిస్టేబులు చదివి గ్రహింపదగిన చట్టగ్రంథము నొకదానిని వ్రాసెను. ఆంగ్ల కథలు చదివినవారికి మోరియార్టీ అనగానే షెర్లాక్ హోమ్స్ కథలలోని దొంగల నాయకుడు జ్ఞప్తికి వచ్చును. ఆ పాత్ర 1893లోనే పుట్టినది. ఈయనకును దానికిని సంబంధము లేదు. దొంగల నాయకుని పేరు గలవాడు దొంగలను పట్టువారికి పాఠములు చెప్పుట విధి చేసిన చిన్న హాస్యము.

ఆ ఆట ఎట్టిది?

రగ్బీ మన పల్లెలలో ఆడు ఆట కాదు. కాని చెడుగుడు ఆడినవారికి అది తేలికగనే అర్థమగును. ఒక్కొక్క జట్టున పదునైదుగురు ఉందురు. బంతి గుండ్రనిది కాదు. కోడిగ్రుడ్డువలె కోలగా నుండును. దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చును. ఎదుటివారు పట్టి పడవేయవచ్చును. ఎదిరిపక్షపు గీత దాటి బంతిని నేలకు తాకించినచో పాయింట్లు వచ్చును. ఇంతవరకు అంతయు బలపరాక్రమములే. కాని ఒక చిత్రమైన నియమము గలదు. బంతిని చేతితో తోటివానికి అందించునప్పుడు ముందునకు విసరరాదు. వెనుకకో ప్రక్కకో మాత్రమే అందింపవలెను. ముందునకు పోదలచినవాడు వెనుకనున్నవానిని నమ్ముకొనవలసినదే.

మరియొక విశేషము. ముప్పదిమంది బలశాలులు ఒకరిమీద నొకరు పడి పెనగులాడుచుండగా నడుమ ఒకే ఒక మనిషి ఈల పట్టుకొని నిలుచును. ఆయన చేత కఱ్ఱ లేదు, కత్తి లేదు. ఈల ఊదినంతనే ముప్పదిమందియు ఆగుదురు. ఆగనివానిని మైదానము విడిచి పొమ్మనవచ్చును. ఆ ఈలకు ఆ బలము ఎక్కడనుండి వచ్చినది? అందఱును ముందుగా ఒప్పుకొన్న నియమమునుండి వచ్చినది.

ఈ ఒప్పుదల సులభముగా రాలేదు. 1884లో ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఆడుచుండగా స్కాట్లండు ఆటగాడొకడు బంతిని చేతితో వెనుకకు కొట్టెను. ఆ బంతి ఇంగ్లండువారికి చిక్కి వారికి గెలుపు దక్కినది. స్కాట్లండువారు, “మావాడు చేసినది నియమవిరుద్ధము, కనుక అక్కడనే ఆట ఆగవలసినది” అనిరి. ఇంగ్లండువారు, “తప్పు చేసినవారు మీరే, మీ తప్పుచేత మీరే లాభము పొందుదురా?” అనిరి. ఈ తగవు ముదిరి మరుసటి సంవత్సరము ఆ రెండు దేశముల నడుమ ఆటయే జరుగలేదు. నియమములకు ఎవరు పెద్ద యను ప్రశ్న పుట్టినది. 1886లో ఐర్లండు, స్కాట్లండు, వేల్సు దేశములు కలిసి ఒక అంతర్జాతీయ మండలి నేర్పఱచెను. ఇంగ్లండు దూరముగా నిలిచి, 1890లో గాని అందులో చేరలేదు. నియమమును ఒక్కరు గుప్పిట పట్టరాదనియు, అందఱికి ఒకే అర్థము ఉండవలెననియు అప్పుడు స్థిరపడినది. మన ఊరి గట్టు తగవులకును దీనికిని పెద్ద భేదము లేదు. గట్టు ఎక్కడ నున్నదో కాగితముపై లేనప్పుడే బలము మాటలాడును.

ఆ ఆటకును మన దేశమునకును ఒక చిన్న ముడి గలదు. కలకత్తాలో ఆంగ్లేయులు నడపిన రగ్బీ సంఘము మూతపడినప్పుడు, మిగిలిన 270 వెండి రూపాయలను కరగించి ఒక పాత్ర చేయించి 1878లో ఇంగ్లండునకు ఇచ్చివేసిరి. కలకత్తా కప్పు అను పేర దానికొరకే నేటికిని ఇంగ్లండు, స్కాట్లండు జట్లు పోటీపడుచున్నవి.

కార్డిఫ్ మైదానము

మోరియార్టీ 1877లో జన్మించెను. డబ్లిన్ నగరమందలి ట్రినిటీ కళాశాలలో చదివెను. 1899లో ఆయనకు ఇరువదిరెండేండ్లు. ఆ యేడు ఐర్లండు జట్టు ఇంగ్లండును, స్కాట్లండును ఓడించి చివరి పోటీకి వేల్సు దేశమునకు వెళ్ళినది. మార్చి 18వ తేదీన కార్డిఫ్ పట్టణమున ఆట. ఆ జట్టులో మోరియార్టీకి చోటు దొరకినది.

నాడు వచ్చిన జనము సుమారు నలుబదివేలు. మైదానము చాలలేదు. జనము కట్టుదాటి ఆడుచోటిలోనికి చొరబడగా ఆట నిలిపివేయవలసి వచ్చినది. జనమును వెనుకకు త్రోసి గీతలు మరల కనబడునట్లు చేసిన పిదప గాని ఆట సాగలేదు. జెరాల్డ్ డోరన్ అను ఐరిష్ ఆటగాడు ఒక్కసారి గీత దాటి బంతిని నేలకు తాకించెను. ఆనాటి లెక్క ప్రకారము దానికి మూడు పాయింట్లు. వేల్సువారికి ఒక్కటియు రాలేదు. ఐర్లండు మూడు దేశములను గెలిచి, ట్రిపుల్ క్రౌన్ అను గౌరవమును రెండవసారి పొందినది. మరల ఆ గౌరవము వారికి 1948లో గాని దక్కలేదు.

మోరియార్టీ తన దేశము పక్షమున ఆడినది ఆ ఒక్క ఆటయే. ఒక్కసారి పిలుపు వచ్చినది. ఆ ఒక్కసారియు గెలుపు వచ్చినది. ఆనాడు ఆటకు జీతము లేదు. ఆడినవాడు మరునాడు తన పని తాను చూచుకొనవలసినదే. ఈయన చూచుకొన్న పని పోలీసు ఉద్యోగము.

తుపాకి నుండి పుస్తకమునకు

ఆయన తొలి కొలువు రాయల్ ఐరిష్ కాన్‌స్టాబులరీ యను దళములో. ఆ దళమును మనము కొంచెము తెలిసికొనవలెను. ఏలయనగా మన పోలీసు వ్యవస్థకు అది జ్ఞాతి. ఐర్లండు అప్పుడు ఆంగ్లేయుల పాలనలో నుండెను. ఆ దళమువారు బారకులలో నుందురు, తుపాకులు ధరింతురు, పై నుండి వచ్చిన ఉత్తరువును పాటింతురు. 1843లో ఆంగ్లేయులు సింధు దేశమును జయించినప్పుడు సర్ చార్లెస్ నేపియర్ ఆ ఐరిష్ మచ్చునే తెచ్చి అక్కడ పోలీసును ఏర్పఱచెను. తరువాత 1859లో మద్రాసు రాజధానికి ప్రత్యేక పోలీసు చట్టము, 1861లో దేశమునకు సామాన్యమైన పోలీసు చట్టము వచ్చినవి. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివి. పోలీసు అనగానే మన పల్లెవాని గుండెలో నేటికిని మెదలు జంకునకు మూలము కొంత ఆ పాత ఏర్పాటులో గలదని నా యభిప్రాయము. ప్రజలకొరకు గాక పాలకులకొరకు పుట్టిన దళము ప్రజలకు దగ్గఱ యగుటకు చాల కాలము పట్టును.

1918లో మోరియార్టీ ఆ సాయుధ దళమును విడిచి బర్మింగ్‌హామ్ నగరమునకు సహాయ ప్రధానాధికారిగా వచ్చెను. ఇక్కడ తీరు వేఱు. ఇంగ్లండులో కానిస్టేబులు తుపాకి లేకుండ వీధిలో నడచును. ఆనాడు ఆతనికి ఒక కఱ్ఱ, జేబులో ఒక ఈల, ఒక చిన్న పుస్తకము; అంతే. ఆనాడు ఆతని జీతభత్యములను చూచినది నగరసభలోని వాచ్ కమిటీ, అనగా ప్రజలు ఎన్నుకొన్న సభ్యుల సంఘము. జీతము మీవంటి సభ్యులే యిచ్చుచుండిరి గనుక, “ఫలానివానిని పట్టుకొనుము, ఫలానివానిని విడువుము” అని వారు చెప్పవచ్చునా? 1930లో ఓల్డ్‌హామ్ పట్టణమునకు సంబంధించిన వ్యాజ్యమున న్యాయస్థానము, పోలీసు ఆ అధికారమును వినియోగించునప్పుడు పురపాలక సంఘమునకు సేవకుడు కాడని తీర్పు చెప్పినది. చట్టము ఆతనికి ఇచ్చిన అధికారము ఆతనిదే. తప్పుచేసినచో బాధ్యతయు ఆతనిదే. “పై వారు చెప్పిరి” అని తప్పించుకొనుటకు వీలులేదు.

ఇట్టి భారము తలపై నున్న కానిస్టేబులునకు చట్టము తెలియవలదా? తెలియజేయువాడెవ్వడు?

బర్మింగ్‌హామ్ వారి ఉత్తరము

మోరియార్టీ వచ్చుటకు పండ్రెండేండ్లకు పూర్వము ఆ నగరముననే ఒక సంగతి జరిగినది. అప్పటి ప్రధానాధికారి చార్లెస్ హాటన్ రాఫ్టర్. ఆయనయు ఐరిష్ దళమునుండి వచ్చినవాడే. 1899లో, అనగా మన కథానాయకుడు కార్డిఫ్‌లో ఆడిన యేడే, ఈ పదవి చేపట్టెను.

1906లో ఆయనకు ఒక చిక్కు వచ్చినది. ఒక న్యాయమూర్తి, ముద్దాయిని ప్రశ్నించుటకు ముందు, “నీవు చెప్పునది నీకు విరుద్ధముగా సాక్ష్యము కావచ్చును” అని హెచ్చరించినందులకు కానిస్టేబులును తప్పుపట్టెను. అదే ప్రాంతమున మరియొక న్యాయమూర్తి, అట్లు హెచ్చరింపనందులకు వేఱొక కానిస్టేబులును తప్పుపట్టెను. హెచ్చరించినను తప్పే, హెచ్చరింపకున్నను తప్పే! ఇక కానిస్టేబు లేమి చేయవలెను?

రాఫ్టర్ కోపగింపలేదు, “మా యిష్టము వచ్చినట్లు చేసికొందుము” అనియు అనలేదు. ప్రధాన న్యాయమూర్తియగు లార్డ్ ఆల్వర్‌స్టన్‌కు ఉత్తరము వ్రాసి, మేము ఏమి చేయవలెనో తెలుపుడని కోరెను. ఆ ఉత్తరము వృథా పోలేదు. 1912లో న్యాయమూర్తులు కలిసి నాలుగు నియమములు వ్రాసి యిచ్చిరి. 1918లో అవి తొమ్మిది అయ్యెను. నిర్బంధములో నున్నవానిని హెచ్చరింపకుండ ప్రశ్నింపరాదనునది వానిలో నొకటి. న్యాయమూర్తుల నియమములు అను పేర అవి ఇంగ్లండులో 1984 నాటి చట్టము వచ్చువఱకు నడచినవి. ఇతర దేశములును వానిని అనుసరించినవి.

ఇంత మార్పునకు మూలము ఒక పోలీసు అధికారి అడిగిన ప్రశ్న. తనకు తెలియనిదానిని తెలియదని ఒప్పుకొని, వ్రాతపూర్వకముగా అడుగుట అధికారికి చిన్నతనము కాదు. మీ గ్రామసభలో ఎప్పుడైన “ఈ తీర్మానము చేయుటకు మనకు అధికారము గలదా?” అని ఒక సభ్యుడు లేచి అడిగినచో ఆతనిని కూర్చుండబెట్టకుడు. ఆతడు మీకు మేలు చేయుచున్నాడు.

1929 నాటి గ్రంథము

అట్టి దళమునకు మోరియార్టీ వచ్చెను. వచ్చిన మరుసటి యేడే, 1919 ఆగస్టులో, జీతములును సంఘము పెట్టుకొను హక్కును గూర్చి ఇంగ్లండు పోలీసులలో కొందఱు సమ్మె చేసిరి. బర్మింగ్‌హామ్‌లో 119మంది ఉద్యోగములు కోల్పోయిరి. అదే కాలమున ప్రభుత్వము నియమించిన డెస్‌బరో సంఘము పోలీసుల జీతములను పెంచవలెననియు, దేశమంతట పద్ధతు లొక్కటిగా నుండవలెననియు సూచించినది. ఇంగ్లండు, వేల్సులలో అప్పుడు నూట యెనుబదికి మించి వేఱువేఱు దళములుండెను. ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క రీతి.

ఇట్టి స్థితిలో పోలీసు చట్టమును గూర్చి మోరియార్టీ వ్రాసిన గ్రంథము 1929లో వెలువడినది. మరుసటి యేడు పోలీసు కార్యపద్ధతిని గూర్చి మరియొక గ్రంథము వెలువడినది. న్యాయవాదుల గ్రంథములు అంతకుముందే కావలసినన్ని యుండెను. కాని అవి న్యాయవాదులకొరకు వ్రాసినవి. రాత్రి గస్తీ తిరిగి వచ్చిన కానిస్టేబులు దీపముదగ్గఱ కూర్చుండి వానిని చదువలేడు. మోరియార్టీ చట్టమును విషయవారీగా విభజించెను. అరెస్టు, సోదా, సాక్ష్యము, దొంగతనము, దెబ్బలాట, మద్యము, ఆయుధములు, పిల్లల రక్షణ, జంతువులు, బండ్లు, వాహనములు – ఏ సంగతి ఎదురైనను దానికి సంబంధించిన అధ్యాయము తీసి చూచుకొనవచ్చును. ఏది నేరము, దానికి కానిస్టేబులునకు గల అధికారమెంత, ఆ అధికారము ఎక్కడ ఆగును – ఈ మూడును తేటయైన మాటలలో ఉండును.

చట్టము మాఱినప్పుడెల్ల గ్రంథమును మార్చి మరల అచ్చువేసిరి. పైపదవుల పరీక్షలకు కూర్చుండు పోలీసులు దానినే చదివిరి. క్రమముగా గ్రంథము పేరు పోయి గ్రంథకర్త పేరే మిగిలినది. “మోరియార్టీలో ఏమున్నది?” అని ఒకరినొకరు అడుగుట వాడుకయైనది. ఆయన 1958లో మరణించెను. ఆ తరువాతను ఇతరులు ఆ గ్రంథమును సవరించి రెండు దశాబ్దములకు పైగా ప్రకటించుచు వచ్చిరి.

అధికారము గలవాడు సాధారణముగా చట్టమును తన చేతిలోనే దాచుకొనును. “నీకెందుకు, నేను చెప్పినట్లు చేయుము” అని క్రిందివానితో ననును. అట్లనుట పెద్ద అధికారికి సుఖము. మోరియార్టీ చేసినది దానికి విరుద్ధము. అందఱికంటె క్రిందనున్న కానిస్టేబులు చేతిలో చట్టమును పెట్టెను. దానిని చదివినవాడు పై అధికారి పొరపాటునుగూడ కనిపెట్టగలడు. ఆ సంగతి తెలిసియు వ్రాసినవాడు తన గౌరవము నియమమువలన కలుగునదే గాని ఇతరుల అజ్ఞానమువలన కలుగునది కాదని నమ్మినవాడై యుండవలెను. ఈల ఊదువానికే కాదు, ఆడువానికిని నియమములు తెలిసిననే ఆట సాగునని మైదానములో నేర్చినవానికి ఇది వింత కాదు.

1935లో రాఫ్టర్ మరణింపగా మోరియార్టీ ప్రధానాధికారి యయ్యెను. 1941వఱకు ఆ పదవిలో నుండెను. చివరి యేడు కఠినమైనది. 1940 ఆగస్టునుండి జర్మను విమానములు ఆ నగరముపై బాంబులు కురిపించినవి. నవంబరు 19వ తేదీ రాత్రి ఒక్క ఆయుధముల కర్మాగారముననే 53మంది పనివారు మరణించిరి. యుద్ధకాలమున బాంబుల దాడులవలన ఆ నగరమున 2,200మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. దీపములార్పించుట, పగిలిన వీధులను మూయించుట, పేలని బాంబులకు దూరముగా జనమును తరలించుట, శిథిలములక్రింద నున్నవారిని వెలికి తీయుటకు తోడ్పడుట – ఇవన్నియు కఱ్ఱయు ఈలయు తప్ప వేఱు లేని పోలీసులు చేయవలసి వచ్చెను. అట్టి రాత్రులలో జనము పోలీసు మాట వినవలెనన్నచో, అంతకుముందు పగళ్ళలో పోలీసు న్యాయముగా నడచుకొని యుండవలెను. నమ్మకము ఆపదనాడు కొని తెచ్చుకొను వస్తువు కాదు.

మన రచ్చబండ

ఇంతదూరము మిమ్ము తీసికొనిపోయి ఇక మన ఊరికి మరలి వచ్చుచున్నాను.

నా చిన్నతనమున నేనెఱిగిన ఒక గ్రామమున ఒక రైతు మోటారునుండి రాగితీగ పోయినది. అంతకుముందు రాత్రి ఆ చేనిదగ్గఱ ఒక కుఱ్ఱవాడు కనబడెనని ఎవరో చెప్పిరి. పెద్దలు వేపచెట్టుక్రింద కూడిరి. ప్రొద్దున మొదలు పెట్టి సాయంకాలమువఱకు వానిని నిలువబెట్టి అడిగిరి. కొట్టినవారును గలరు. దీపములు పెట్టు వేళకు వాడు, “నేనే తీసితిని” అనెను. తీగ ఎక్కడ నున్నదో మాత్రము చెప్పలేకపోయెను, ఎట్లు చెప్పగలడు? తండ్రిపై జరిమానా వేసిరి. ఆతడు పాడిగేదె నమ్మి కట్టెను. రెండు నెలల పిమ్మట అసలు దొంగలు వేఱొక చోట పట్టుబడిరి, తీగయు దొరకినది. జరిమానా సొమ్ము తిరిగి యిచ్చిరి. గేదె తిరిగి రాలేదు. ఆ కుఱ్ఱవాడు అప్పటికే ఊరు విడిచి పోయెను. వాడును తిరిగి రాలేదు.

ఆ కూటమిలో నేనును కూర్చుండి యుంటిని. నాకు అప్పుడు ఇరువదేండ్లు. ఇది తప్పని నా మనస్సునకు తోచినది. పెద్దల యెదుట నోరు మెదపలేదు. ఏ చట్టమును బట్టి తప్పో నాకు తెలియదు. తెలిసియుండినచో ధైర్యము వచ్చియుండెడిదేమో. నేటికిని ఆ తండ్రి గేదెను తోలుకొని పోవుచున్న దృశ్యము నా కన్నులయెదుట నున్నది.

మన దేశపు చట్టము ఈ విషయమున చాల స్పష్టముగా నున్నది. పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారమును ముద్దాయికి విరుద్ధముగా రుజువు చేయరాదని 1872 నాటి సాక్ష్య చట్టము శాసించినది. 2024 జూలై 1నుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను, 23వ సెక్షనున, ఆ నియమము నిలిచియే యున్నది. పోలీసులకే ఆ కట్టడి యున్నప్పుడు, వేపచెట్టుక్రింద పిడికిళ్ళ నడుమ చెప్పించిన మాటకు విలువ యేమి? దొంగతనమును విచారించి శిక్ష వేయుటకు గ్రామ పంచాయతీకి అధికారము లేదు. ఎవ్వరినైనను కట్టివేయుట, కొట్టుట, వెలివేయుట పెద్దరికము కాదు, నేరము.

అట్లయిన మీకు పని లేదా? గలదు, చాల గలదు. అదే దినమున అమలునకు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో మీ పేరు ఎక్కడెక్కడ వచ్చునో వినుడు.

గ్రామమున అనుమానాస్పదమైన మరణము జరిగినప్పుడు, దొంగసొత్తు కొనుటకు అమ్ముటకు పేరుమోసినవాడు ఊర నివాస మేర్పఱచుకొన్నప్పుడు, ఆ సమాచారమును దగ్గఱి మేజిస్ట్రేటుకో పోలీసు అధికారికో వెంటనే తెలుపుట 34వ సెక్షను ప్రకారము పంచాయతీ సభ్యునికి విధి. ఇష్టమున్న చేయు సేవ కాదు.

పోలీసులు ఇల్లు సోదా చేయునప్పుడు ఆ ప్రాంతమున నివసించు గౌరవనీయులైన ఇద్దఱు స్వతంత్రులను సాక్షులుగా పిలువవలెను. దొరకిన వస్తువుల పట్టికపై వారు సంతకము చేయవలెను. ఇప్పుడు సోదాను దృశ్య, శ్రవణ రూపమున రికార్డు చేయవలెననియు చట్టము చెప్పుచున్నది. మిమ్ము పిలిచినచో తప్పించుకొనకుడు. వెళ్ళి కన్నులార చూడుడు. చూచినదే వ్రాసియున్నదో లేదో చదివిన పిమ్మట సంతకము చేయుడు. తెల్లకాగితముపై సంతకము చేయు సాక్షి, గీత చూడకయే ఈల ఊదిన రిఫరీవంటివాడు.

ఒకరిని అరెస్టు చేసినప్పుడు పోలీసు అధికారి ఒక పత్రము వ్రాయవలెను. ఆ ముద్దాయి కుటుంబమువారిలో ఒకరుగాని, ఆ ప్రాంతపు గౌరవనీయులలో ఒకరుగాని దానిపై సాక్షి సంతకము చేయవలెను. దిక్కులేనివానిని పట్టుకొనిపోవుచున్నప్పుడు ఆ పత్రమును గూర్చి మర్యాదగా అడుగువాడు మీలో ఒక్కడున్నచో, ఆ యింటివారికి ఎంత ధైర్యము! నేరము జరిగిన స్థలము ఏ స్టేషను పరిధిలోనిదైనను ఫిర్యాదు తీసికొనవలెననియు, మొదటి సమాచార నివేదిక ప్రతిని ఉచితముగా ఇయ్యవలెననియు 173వ సెక్షను చెప్పుచున్నది. ఊరివారికి ఈ సంగతి చెప్పుడు.

ఈ నాలుగును కంఠస్థము చేయుట కష్టము కాదు. పంచాయతీ కార్యాలయములో చట్టపు తెలుగు ప్రతి ఒకటి యుంచి, గ్రామసభ జరిగినప్పుడెల్ల ఒక నియమమును చదివి అర్థము చెప్పించుడు. స్టేషను అధికారిని ఆహ్వానించి ఆయన చేతనే చెప్పించినచో మరియు మంచిది. నియమము ఉభయులకును తెలిసినచోట పోలీసు ననిన జంకు తగ్గును. పోలీసులకును పని తేలికపడును.

సోదరీసోదరులారా, ఇరువదిరెండేండ్ల వయస్సున ఈల విని ఆగుట నేర్చిన ఆటగాడు, యాబదిరెండవ యేట తన కానిస్టేబుళ్ళ చేతిలో నియమములను పెట్టెను. మీ చేతిలోను ప్రజలు కొంత అధికారమును పెట్టిరి. రేపు మీ ఊరి చెట్టుక్రింద ఒక కుఱ్ఱవానిని నిలువబెట్టినచో, అక్కడ మీరు కూర్చుండియుందురు. ఆనాడు నేను లేచి చెప్పలేకపోయిన మాటను మీరు లేచి చెప్పుడు. అందుకే ఈ కథ చెప్పితిని.